స్పార్క్ ప్లగ్గులు మార్చాక చెక్ ఇంజన్ లైటు వెలిగితే ఏం చూడాలి, ఏ వరుసలో చూడాలి

పెట్రోలు కారుకు స్పార్క్ ప్లగ్గులు మార్చిన పూటో మరునాడో డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలిగితే, చాలామంది మొదట తప్పుపట్టేది కొత్త ప్లగ్గులనే. ఆ అనుమానం ఒక్కోసారి నిజమే అవుతుంది గానీ, వెతకడం అక్కడ మొదలుపెట్టకూడదు. ప్లగ్గు బయటికి రావాలంటే దాని మీదున్న, దానికి ఎక్కువ ఓల్టేజీ పంపే కాయిల్ ఊడదీయాలి. కాయిల్ అందాలంటే చాలా కార్లలో ఎయిర్ ఫిల్టర్ డబ్బానో దాని గొట్టాన్నో పక్కకు జరపాలి. ఆ దారిలో వైర్లను కలిపే ప్లాస్టిక్ కప్లర్లు నాలుగైదు పీకి మళ్లీ పెట్టాలి. పనికి ముందు లేని లైటు పని అయ్యాక వచ్చిందంటే, చెయ్యి పడిన చోట్లన్నీ ఒకసారి చూసి రావడమే మొదటి పని. కొత్త కాయిల్ కొనడం, సెన్సర్ మార్పించడం, ఇంజక్టర్లు కడిగించడం వంటివన్నీ ఆ తర్వాతి మాట. కడపలో రోడ్డు పక్క షెడ్డులో పని చేయించుకున్నా, కర్నూలులోనో అనంతపురంలోనో ఇంటి ముందు సొంతంగా చేసుకున్నా ఈ వరుస మారదు.

ఇదంతా పెట్రోలు, గ్యాసు బండ్లకు సంబంధించిన విషయం. డీజిలు ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గులే ఉండవు. అందులో ఉండేవి చలిలో స్టార్ట్ కావడానికి వేడెక్కే గ్లో ప్లగ్గులు, వాటి లైటు వేరు, వాటి కథ వేరు.

నిలకడగా వెలుగుతోందా, ఆరుతూ వెలుగుతోందా

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఇదే. లైటు నిలకడగా వెలుగుతూ, బండి పికప్ తగ్గకుండా మామూలుగా నడుస్తుంటే ఇల్లు చేరేదాకా కంగారుపడనక్కరలేదు. ఆరుతూ వెలుగుతుంటే మాత్రం, ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు మండకుండానే సైలెన్సర్ వైపు పోతోందని, అదీ సైలెన్సర్ దారిలో పొగను శుభ్రపరిచే కెటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేసేంతగా పోతోందని ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, హెచ్చరిస్తోందన్నమాట. మండని పెట్రోలు, వాడకం కాని గాలి రెండూ కలిసి కన్వర్టర్‌లోకి చేరి అక్కడ అంటుకుంటాయి. లోపలున్న పింగాణీ జల్లెడ విపరీతంగా కాలి, చివరికి కరిగి దారి మూసుకుపోతుంది. దాని ధర ముందు ప్లగ్గుల సెట్టు ఖరీదు లెక్కలోకే రాదు.

అందువల్ల కడప నుంచి రాయచోటి వైపు పోతూ గువ్వలచెరువు ఘాట్‌లో లైటు ఆరుతూ వెలగడం మొదలైతే, పాలకోవా కొట్ల దగ్గర ఆగినప్పుడు చూసుకుందాంలే అని రేస్ ఇచ్చుకుంటూ ఎక్కించకూడదు. లారీలకు అడ్డం కాని చోటు చూసుకుని, పక్కకు తీసి, ఇంజన్ ఆపి బానెట్ ఎత్తాలి. ఊళ్లో ఏడు రోడ్ల కూడలి చుట్టూ తిరిగినంతసేపూ బాగున్న బండి ఘాట్‌లోనే మిస్సింగ్ కొట్టడానికి, అంటే ఏదో ఒక సిలిండర్ మండకుండా తప్పిపోవడానికి, కారణం ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కుతాము కాబట్టి సిలిండర్‌లోకి గాలి ఎక్కువ చేరి ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ ప్లగ్గు మొన దగ్గర నిప్పురవ్వ దూకడానికి ఎక్కువ ఓల్టేజీ కావాలి. కాయిల్ బలహీనంగా ఉన్నా, ప్లగ్గు మొన దగ్గరి సందు (గ్యాప్) ఎక్కువైనా, ప్లగ్గు పింగాణీకి బీట ఉన్నా ఆ కరెంటు సులువైన దారి వెతుక్కుని పక్కనుంచి ఇంజన్ బాడీలోకి దిగిపోతుంది.

కోడు చెరపకముందే రాసుకోవాలి

మన దేశంలో 2013 నుంచి కార్లకు ఓబీడీ-2, అంటే బండి తన లోపాలను తానే కనిపెట్టి కోడ్లుగా రాసుకునే ఏర్పాటు, తప్పనిసరి అయింది. స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. ఈఎల్‌ఎం 327 రకం చిన్న బ్లూటూత్ స్కానర్‌ను అందులో గుచ్చి, ఫోన్‌లోని యాప్‌తో కోడ్లు చదవవచ్చు. సొంత బండికి సొంతంగా చిన్నాచితకా పనులు చేసుకునేవారు ఇంత ఖర్చు పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే ఒక్కసారి అనవసరంగా కొన్న కాయిల్ ధరలోనే ఆ స్కానర్ వచ్చేస్తుంది.

షెడ్డులో స్కానర్ పెట్టగానే చాలామంది చేసే పని కోడు చెరిపేసి లైటు ఆర్పి పంపడం. అలా చేస్తే కోడుతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. తప్పు జరిగిన క్షణాన ఇంజన్ ఎన్ని ఆర్‌పీఎంలో ఉంది, బండి ఎంత వేగంలో ఉంది, కూలెంట్ ఎంత వేడిగా ఉంది, లోడు ఎంత ఉంది అన్న వివరాలు అందులో నిలిచి ఉంటాయి. ఐడ్లింగ్‌లో వచ్చిన మిస్సింగ్‌కూ, ఘాట్‌లో మూడో గేరులో వచ్చిన మిస్సింగ్‌కూ కారణాలు తరచుగా వేరుగా ఉంటాయి కాబట్టి ముందు ఆ తెరను ఫోటో తీసి పెట్టుకోవాలి.

ప్లగ్గుల పని తర్వాత సాధారణంగా కనబడే కోడ్లు కొన్నే. పి0301 అంటే 1వ సిలిండర్‌లో మిస్సింగ్, పి0302 అంటే 2వ దానిలో, ఇలా చివరి అంకె సిలిండర్‌ను చూపుతుంది. పి0300 అంటే ఒకే సిలిండర్ అని తేలకుండా అక్కడక్కడా మిస్సింగ్ వస్తోందని అర్థం. పి0351 నుంచి పి0354 దాకా ఉన్నవి ఆయా కాయిల్ వైరింగ్‌లో లోపాన్ని చెబుతాయి, అంటే చాలావరకు కప్లర్ సరిగా కూర్చోలేదన్నమాటే. పి0113 వస్తే లోపలికి వచ్చే గాలి వేడిని కొలిచే సెన్సర్ కప్లర్‌ను, పి0102 వస్తే గాలి ప్రవాహాన్ని కొలిచే సెన్సర్ కప్లర్‌ను, పి0107 గానీ పి0108 గానీ వస్తే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ కప్లర్‌ను ముందు చూడాలి. ఫిల్టర్ డబ్బా తీసేటప్పుడు పీకి, తిరిగి పెట్టడం మరిచిపోయేది వీటినే. పి0171 అంటే పెట్రోలుకు మించి గాలి వస్తోందని, అంటే ఎక్కడో కొలతకు అందని గాలి దూరుతోందని.

మిస్సింగ్‌ను ఈసీయూ ఎలా కనిపెడుతుందో తెలిస్తే ఈ కోడ్లను ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. అది ప్లగ్గును నేరుగా చూడదు. క్రాంక్ సెన్సర్ ద్వారా క్రాంక్ షాఫ్ట్ వేగాన్ని గమనిస్తూ ఉంటుంది. ఒక సిలిండర్ మండవలసిన వేళకు మండకపోతే ఆ కొద్ది క్షణం షాఫ్ట్ నెమ్మదిస్తుంది, ఆ తగ్గుదల ఏ సిలిండర్ వంతులో వచ్చిందో లెక్కగట్టి కోడు రాస్తుంది. నిప్పు లేక మండలేదా, పెట్రోలు లేక మండలేదా, కంప్రెషన్ లేక మండలేదా అన్నది దానికి తెలియదు. పి0302 వచ్చింది కాబట్టి 2వ కాయిల్ పోయిందని చెప్పి సామాను తెప్పించేవారి మాట వెంటనే ఒప్పుకోనక్కరలేదు.

ముందు చేతితో, కంటితో

ఇంజన్ చల్లారాక, తాళం తీసేసి, ఒక్కో కాయిల్ కప్లర్‌ను చేతితో నొక్కి చూడాలి. సరిగా కూర్చున్న కప్లర్ టక్కుమని లాక్ అవుతుంది, లాక్ నొక్కకుండా లాగితే రాదు. పాతబడిన బండ్లలో ఆ ప్లాస్టిక్ లాక్ ఎండకూ ఇంజన్ వేడికీ పెళుసుబారి, పీకేటప్పుడే విరిగి ఉంటుంది. అప్పుడు కప్లర్ పైకి బాగానే కనబడుతుంది గానీ గుంతలో కుదుపు తగలగానే వదులై, మళ్లీ తగులుకుంటుంది. లోపలి పిన్నులు వంగాయేమో, వెనక్కి జరిగాయేమో టార్చి వేసి చూడాలి. కాయిల్ బోల్టు బిగించారా, కాయిల్ పూర్తిగా కిందికి దిగిందా అన్నది కూడా ఇక్కడే చూసుకోవాలి, ఎందుకంటే కాయిల్ కింది రబ్బరు తొడుగు (బూటు) ప్లగ్గు తల మీద సగమే ఎక్కినా బండి స్టార్ట్ అవుతుంది, ఐడ్లింగ్ కూడా ఇస్తుంది.

ఆ తర్వాత గాలి దారి. ఫిల్టర్ డబ్బా క్లిప్పులన్నీ పడ్డాయా, లోపలికి పోయే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీ దగ్గర గొట్టం క్లిప్పు బిగిసిందా, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కూ బ్రేక్ బూస్టర్‌కూ పోయే సన్న గొట్టాలు ఊడాయా, టాపెట్ కవర్ నుంచి వచ్చే గాలి గొట్టం తన చోట ఉందా అని ఒక్కొక్కటి తాకి చూడాలి. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకె, చూడగలిగితే ఇంకా సులువు. ఐడ్లింగ్‌లో ట్రిమ్ 10 శాతానికి మించి ప్లస్ వైపు ఉండి, 2500 ఆర్‌పీఎం వద్ద తగ్గి మామూలుకు వస్తే, థ్రాటిల్ దాటాక ఏదో గొట్టం గాలి పీలుస్తోందని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు. ఐడ్లింగ్‌లో లోపలికి పోయే గాలే తక్కువ కాబట్టి దొంగదారిన వచ్చే కొద్ది గాలీ పెద్ద తేడా తెస్తుంది. రేస్ పెరిగాక ఆ వాటా చిన్నదవుతుంది.

ఈ రెండూ చూసేసరికే చాలా బండ్లలో సంగతి బయటపడుతుంది. బయటపడకపోతే, కోడు ఒకే సిలిండర్‌ను చూపుతుంటే, కాయిల్ మార్పిడి పరీక్ష చేయాలి. పి0302 వచ్చిందనుకుంటే 2వ సిలిండర్ కాయిల్‌ను 3వ దానికి, 3వ దాన్ని 2వ దానికి వేసి, కోడు చెరిపి, బండిని కొంత దూరం నడపాలి. ఇప్పుడు పి0303 వస్తే లోపం కాయిల్ వెంట పోయింది, ఆ కాయిల్ ఒక్కదాన్నే మార్చాలి. మళ్లీ పి0302 వస్తే కాయిల్ మంచిదే. ఈసారి ఆ రెండు సిలిండర్ల ప్లగ్గులు అటూఇటూ మార్చి చూడాలి. ప్లగ్గు వెంట కూడా పోకపోతే ఇంజక్టర్, దాని కప్లర్, వైరింగ్, కంప్రెషన్ మిగులుతాయి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. సిలిండర్ల లెక్క చాలా కార్లలో బెల్టు పుల్లీలున్న వైపు నుంచి మొదలవుతుంది గానీ, బండితో వచ్చిన పుస్తకంలో ఒకసారి చూసుకోవడం మేలు.

ఇంజన్ ఆన్‌లో ఉండగా ఒక్కో కాయిల్ పైకి పీకి, ఏది పీకితే శబ్దం మారలేదో చూసే పాత పద్ధతి ఇప్పటి బండ్లకు పనికిరాదు. కాయిల్ నుంచి వచ్చేది వేల ఓల్టుల కరెంటు; చేతికి తగిలితే ప్రమాదం, దూకడానికి చోటు దొరక్కపోతే కాయిల్‌కూ ఈసీయూకూ నష్టం.

ప్లగ్గును మళ్లీ బయటికి తీయవలసి వస్తే

మే నెల మధ్యాహ్నం కడప ఎండలో నిలబెట్టిన బండి ఇంజన్ చల్లారడానికి చాలాసేపు పడుతుంది. అల్యూమినియం హెడ్ వేడిగా ఉన్నప్పుడు ప్లగ్గు తిప్పితే త్రెడ్ పోయే ప్రమాదం ఉంది కాబట్టి ఈ పని తెల్లవారుజామున పెట్టుకోవడమే మంచిది. ప్లగ్గు విప్పేముందు దాని గుంతలో గాలి కొట్టించాలి. నాపరాళ్ల పాలిష్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్న ఎర్రగుంట్ల వంటి చోట్ల తిరిగే బండి అయితే ఆ గుంతలో బూడిద రంగు దుమ్ము పేరుకుని ఉంటుంది, ప్లగ్గు విప్పగానే అది నేరుగా సిలిండర్‌లో పడుతుంది. పంక్చరు షాపు కంప్రెసర్ గాలి చాలు, కళ్లు మాత్రం కాపాడుకోవాలి.

ప్లగ్గు చేతికొచ్చాక తెల్లని పింగాణీని వెలుతురులో నెమ్మదిగా తిప్పుతూ చూడాలి. పై మొన నుంచి కింది ఇనుప భాగం దాకా సన్నగా, పెన్సిల్‌తో గీసినట్టు నల్లని గీత ఉంటే కరెంటు బయటినుంచే దిగిపోతోందని తెలుసుకోవాలి. ఇటువంటి గీతకు జోడు గీత రబ్బరు బూటు లోపల కూడా ఉంటుంది. బూటు మార్చకుండా ప్లగ్గు ఒక్కటే మారిస్తే కొన్ని రోజుల్లోనే కొత్త ప్లగ్గు మీద అదే గీత పడుతుంది. పింగాణీ, ఇనుము కలిసే చోట చుట్టూ లేత గోధుమ రంగు మచ్చ ఒకటి కనబడితే దానికి భయపడనక్కరలేదు, వాడిన ప్లగ్గుల మీద అది సహజంగా వచ్చేదే. పానా వంకరగా పట్టి తిప్పినప్పుడు పింగాణీకి వెంట్రుకంత బీట పడుతుంది. గోరుతో రాస్తే తగులుతుంది. చేతినుంచి జారి గచ్చు మీద పడిన ప్లగ్గుకు పైకి ఏమీ కాకపోయినా లోపల పగులు ఉండవచ్చు, మొన వంగి గ్యాప్ మూసుకుపోవచ్చు. అటువంటిదాన్ని వాడకపోవడమే సరైనది.

గుంతలోనూ బూటు మీదా ఆయిల్ తడి ఉంటే, అది టాపెట్ కవర్ ప్యాకింగ్ నుంచి కారుతున్న ఆయిల్. ఆయిల్‌కు రబ్బరు ఉబ్బి మెత్తబడి కరెంటును ఆపలేకపోతుంది. ప్లగ్గులు మార్చిన మనిషి తప్పు ఇందులో లేదు, కానీ ప్యాకింగ్ మార్పించకుండా ప్లగ్గులు ఎన్నిసార్లు మార్చినా లైటు మళ్లీ వస్తుంది.

ప్లగ్గు మీది నంబరు కంపెనీ చెప్పిన నంబరేనా అన్నది కూడా చూడాలి. త్రెడ్ పట్టిందంటే సరిపోయిందని కాదు. త్రెడ్ పొడవు ఎక్కువైతే పిస్టన్‌కు తగలవచ్చు, తక్కువైతే నిప్పురవ్వ లోపలికి అందదు. ప్లగ్గు తన వేడిని ఎంత త్వరగా వదులుతుందో చెప్పే వేడి రేంజి అంకె విషయంలో (త్వరగా వదిలేదాన్ని చల్లనిది అంటారు) కంపెనీల మధ్య తేడా ఉంది: ఎన్‌జీకే, డెన్సోలలో అంకె పెరిగితే ప్లగ్గు చల్లనిది, బాష్‌లో అంకె తగ్గితే చల్లనిది. ఒక కంపెనీ అంకెను పట్టుకుని మరో కంపెనీ ప్లగ్గు ఇచ్చే షాపుల దగ్గర ఇది గుర్తుంచుకోవాలి. ఎన్‌జీకే నంబరులోని ఆర్ అక్షరం లోపల రెసిస్టర్ ఉందని చెబుతుంది. అది లేని ప్లగ్గు వేస్తే రేడియోలో గరగరతోపాటు సెన్సర్ల సంకేతాలూ చెడిపోవచ్చు. గ్యాప్ చాలా కార్లకు 0.8 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఇరిడియం ప్లగ్గు మొన చాలా సన్నం కాబట్టి నాణెం ఆకారపు గేజ్‌ను అందులోకి తోయకూడదు. తీగ గేజ్‌తో కొలిచి, తేడా ఉంటే షాపులోనే మార్చుకోవడం ఉత్తమం.

బిగించేటప్పుడు ప్లగ్గు తలకు రబ్బరు గొట్టం ముక్క తొడిగి, వేళ్లతోనే తిప్పుతూ త్రెడ్ పట్టించాలి; త్రెడ్ వంకరగా ఎక్కుతుంటే గొట్టం జారిపోతుంది గనుక హెడ్‌కు దెబ్బ తగలదు. అల్యూమినియం హెడ్‌లో 14 మిల్లీమీటర్ల త్రెడ్ ఉన్న వాషర్ ప్లగ్గుకు 25 నుంచి 30, 12 మిల్లీమీటర్లదానికి 15 నుంచి 20, 10 మిల్లీమీటర్లదానికి 10 నుంచి 12 న్యూటన్ మీటర్ల బిగింపు సరిపోతుంది. టార్క్ పానా లేనప్పుడు, కొత్త వాషర్ ప్లగ్గును వేళ్లతో ఆగేదాకా తిప్పి, ఆ తర్వాత పానాతో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు తిప్పి ఆపాలి. వాషర్ ఒకసారి నలిగిన ప్లగ్గును మళ్లీ వేస్తున్నప్పుడు ఇంత తిప్పకూడదు, చాలా కొద్దిగా చాలు. టామీ రాడ్ వేసి రెండు చేతులతో బిగించే షెడ్డులో బండి ఇవ్వకపోవడం మేలు. త్రెడ్‌కు గ్రీజు వంటిది పూస్తే అదే బలానికి ప్లగ్గు ఇంకా ఎక్కువ బిగుస్తుంది. పూత ఉన్న ఇప్పటి ప్లగ్గులకు దాని అవసరం లేదు. వదులుగా ఉండిపోయినా ఇబ్బందే: కంప్రెషన్ కారి టిక్కు టిక్కుమనే శబ్దం వస్తుంది, ప్లగ్గు వేడి హెడ్‌లోకి దిగక మొన కాలిపోతుంది.

వైర్లున్న పాత బండ్లు, గ్యాసు బండ్లు

ప్లగ్గు ప్లగ్గుకూ కాయిల్ కాకుండా పొడుగాటి వైర్లు ఉన్న పాత కార్లలో, నాలుగూ ఒకేసారి పీకితే తిరిగి పెట్టేటప్పుడు అటూఇటూ అవుతాయి. ఒక్కోటి తీసి, ఆ ప్లగ్గు మార్చి, వైరు పెట్టాకే రెండోదానికి పోవాలి. తారుమారయ్యాయన్న అనుమానం ఉంటే, నాలుగు సిలిండర్ల ఇంజన్లలో ఎక్కువగా ఉండే 1-3-4-2 వరుసను పుస్తకంతో సరిచూసుకుని పెట్టాలి.

సీఎన్‌జీ కిట్ ఉన్న బండిలో గ్యాసు మీద మాత్రమే మిస్సింగ్ వచ్చి, పెట్రోలుకు మార్చగానే సర్దుకుంటే ముందుగా గ్యాప్‌నూ కాయిల్‌నూ అనుమానించాలి. గ్యాసు, గాలి మిశ్రమంలో నిప్పురవ్వ దూకడానికి పెట్రోలుకన్నా ఎక్కువ ఓల్టేజీ కావాలి, అందుకే గ్యాసు బండ్లకు గ్యాప్ కాస్త తక్కువ ఉంచుతారు.

కోడు చెరిపి, నడిపి చూడటం

లోపం దొరికి సరిచేశాక స్కానర్‌తో కోడు చెరపాలి. స్కానర్ లేకపోతే బ్యాటరీ నెగెటివ్ వైరు పావుగంట తీసి ఉంచినా చాలా బండ్లలో లైటు ఆరుతుంది గానీ, గడియారం, స్టీరియో, కొన్నిటిలో కిటికీ అద్దాల ఆటో సెట్టింగు పోతాయి, ఐడ్లింగ్ కూడా కాసేపు ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఏమీ చెరపకుండా వదిలేసినా, లోపం నిజంగా పోయి ఉంటే వరుసగా మూడు డ్రైవ్ సైకిళ్లలో (స్టార్ట్ చేసి, నడిపి, ఆపడం ఒక సైకిల్) తప్పు కనబడనప్పుడు లైటు దానంతటదే ఆరిపోతుంది.

పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, రెండు నిమిషాలు ఐడ్లింగ్‌లో వదిలి, మైదుకూరు వైపు హైవే మీద ఒకే వేగంలో కొంత దూరం పోయి, తిరిగి వచ్చాక ఒక ఎత్తు ఎక్కించి చూడాలి. ఎత్తు లేనిచోట నాలుగో గేరులో తక్కువ వేగం నుంచి నిదానంగా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే లోడు పడుతుంది. స్కానర్‌లో పెండింగ్ కోడ్లు అన్నచోట ఏమీ లేకపోతే పని అయినట్టే. లైటు వెలగకున్నా అక్కడ పి0302 కనబడుతుంటే లోపం ఇంకా ఉంది, రెండోసారి పట్టుబడగానే లైటు వెలుగుతుంది.

మిస్సింగ్ పూర్తిగా పోయాక కొన్ని రోజులకు, కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని చెప్పే పి0420 వస్తే, లైటు ఆరుతూ వెలుగుతున్నా బండి నడిపిన కాలంలో కన్వర్టర్ దెబ్బతిని ఉండవచ్చు. దాన్ని మార్చే నిర్ణయానికి ముందు సైలెన్సర్ లీకులు, వెనకున్న ఆక్సిజన్ సెన్సర్ చూపే విలువలు పరీక్షించమని అడగాలి.

కాయిల్, ప్లగ్గు, గాలి గొట్టాలు అన్నీ చూశాక కూడా అదే సిలిండర్ మిస్సింగ్ కొడుతుంటే కంప్రెషన్ గేజ్ ఉన్న మెకానిక్ దగ్గరికి పోవలసిందే. పోయేటప్పుడు ఫ్రీజ్ ఫ్రేమ్ ఫోటోను, ఏ కాయిల్ ఎక్కడికి మార్చితే ఏ కోడు వచ్చిందో రాసుకున్న కాగితాన్ని, ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టి దాచిన పాత ప్లగ్గులను వెంట తీసుకుపోవాలి. మసి పట్టిన ప్లగ్గు పెట్రోలు ఎక్కువవుతోందని, ఆయిల్ తడిసిన ప్లగ్గు రింగుల నుంచో వాల్వు సీళ్ల నుంచో ఆయిల్ లోపలికి దిగుతోందని, తెల్లగా కాలిన ప్లగ్గు గాలి ఎక్కువైందనో వేడి ఎక్కువైందనో చెబుతుంది. మూడు ప్లగ్గులు ఇటుక రంగులో ఉండి ఒక్కటే వేరుగా ఉంటే, ఆ మెకానిక్ మొదటి పానా ఏ సిలిండర్ మీద పెట్టాలో అక్కడే తేలిపోతుంది.